కప్పుకి ఎన్ని పొయ్యిలు

ఆ వానాకాలం మమ్మల్ని ఉద్ధరించడానికి వచ్చినాయన చొక్కాకి తొమ్మిది జేబులున్నాయి. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నాకు వేరే పని లేక లెక్కపెట్టాను. ఏం లాభం, తొమ్మిదింటిలో ఒక్కదాంట్లోనూ గొడుగు పట్టదు. పేరేదో చెప్పుకున్నాడు గాని మా సందంతా ఆయన్ని జేబులాయన అనే పిలిచింది.

మీటింగు పేట సంఘం గదిలో పెట్టారు. ముందు వరసలో సంఘం పెద్ద, ఆయన బావమరిది, బావమరిది కొడుకులిద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. ఆడవాళ్ళం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాం. బిస్కెట్ల పొట్లం ముందు వరసలో బయల్దేరి మా దాకా వచ్చేసరికి కాగితం మిగిలింది. గోడకి తెల్ల దుప్పటి కట్టి, దాని మీద మా పేటని చూపించాడు జేబులాయన. పైనుంచి, కాకి చూసినట్టు.

"ఏటికి నీళ్ళొస్తే పడవలు ఎటు రావాలో, ఎవరెక్కడ చిక్కుకున్నారో తెలియాలి కదమ్మా. అందుకే ఈ పటం. ఇది ఒకరి సొత్తు కాదు, అందరిదీ. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో మీ మీద అభిమానంతో, తీరిక చేసుకుని, మీ ఇళ్ళు ఒక్కొక్కటీ గీశారు."

"అంత తీరిక ఎక్కడ దొరికిందో పాపం" అన్నాను. పక్కనున్న కండక్టరు పెళ్ళాం నా మోచెయ్యి గిల్లింది.

అభిమానంతో గీసినవాళ్ళు టైర్ల షాపు వెనకున్న పాత టైర్ల గుట్టని చెరువు చేశారు. మేకల కొట్టాన్ని ఇల్లు చేశారు. సంఘం పెద్ద ఖాళీ గోడౌను మూడు ఇళ్ళయింది. పాత ఫ్యాక్టరీ రేకుల షెడ్డు కింద పదకొండు కుటుంబాలు బతుకుతున్నాయి, అది మాత్రం ఒకటే ఇల్లు. అభిమానానికి కళ్ళుండవంటారు, నిజమే కాబోలు.

నేను ముప్ఫై ఏళ్ళు ఆరోగ్య కేంద్రంలో ఆయాగా చేశాను. పిల్లలకి చుక్కల మందు వేసినప్పుడల్లా ఇంటింటికీ తిరిగి తలుపు మీద సుద్దముక్కతో అంకె వెయ్యడం నా పని. బడి మొహం చూడనిదాన్ని. మందు పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని, ఆ తలుపుల మీదే చదువు నేర్చుకున్నాను. కాబట్టి ఊరుకోలేకపోయాను.

"కప్పులు లెక్కపెట్టుకుని ఏం చేస్తారు బాబూ? కప్పు కింద ఎన్ని పొయ్యిలున్నాయో లెక్కపెట్టండి. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఒక ఇల్లు. అన్నదమ్ములిద్దరు ఒకే రేకు కింద ఉంటారు, ఒకడు చచ్చినా రెండోవాడికి తెలీదు. మీ పడవవాడు వచ్చి ఒకణ్ణి ఎక్కించుకుని, ఇల్లు ఖాళీ అని పోతాడు."

సంఘం పెద్ద వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు. "పెద్దావిడ. అలాగే అంటుంటుంది. మీరు కానివ్వండి సార్."

జేబులాయన మాత్రం మురిక్కాలవలో ఉంగరం దొరికినవాడిలా అయిపోయాడు. "చూశారా! మాకు కావలసింది ఇదే. స్థానికుల జ్ఞానం!" అని రెండు జేబులు వెతికి ఒక పుస్తకం తీసి రాసుకున్నాడు. ఇదే మాట ముప్ఫై ఏళ్ళు ఆరోగ్య కేంద్రంలో చెబితే నోర్మూసుకోమన్నారు. ఇప్పుడు జ్ఞానమైంది.

ఇంటింటికీ తిరిగి రాసేవాళ్ళు ఎవరంటే బావమరిది కొడుకులు లేచారు. వాళ్ళకి పెద్ద ఫోన్లున్నాయి. "ఆడవాళ్ళలో ఎవరూ లేరా?" అన్నాడు జేబులాయన. లేరన్నట్టు సంఘం పెద్ద నవ్వాడు. అప్పుడు వెనకనుంచి దర్జీ కూతురు ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి.

"నీకెందుకమ్మా ఎండనకా వాననకా" అన్నాడు పెద్ద.

"మా నాన్న కుట్టిన బట్టలు ఇంటింటికీ ఇచ్చొచ్చేది నేనే కదండీ. ఎలాగూ తిరుగుతూనే ఉంటాను. అమ్మమ్మ తోడొస్తే చాలు."

అమ్మమ్మ అంటే నేనే. వాగిన నోటికి అదే శిక్ష.

* * *

మూడు వారాలు తిరిగాం. ఆ పిల్ల ఫోనుకి ప్లాస్టిక్ సంచి తొడిగి పట్టుకునేది. నేను సుద్దముక్క పట్టుకునేదాన్ని. బావమరిది కొడుకులు మొదటిరోజు మధ్యాహ్నం దాకా పనిచేసి, టీ బంకుని పటంలో పెట్టి, ఆ బంకులోనే ఉండిపోయారు.

తలుపు తట్టడం, అడగడం, ఆ పిల్ల ఫోనులో కొట్టడం, నేను తలుపు మీద వెయ్యడం. రేకుల షెడ్డులో పదకొండనుకుంటే పద్నాలుగు తేలాయి. టైర్ల చెరువు ఎండిపోయింది. మేకలు ఇల్లు ఖాళీ చేశాయి. నడవలేనివాళ్ళు, కళ్ళు కనపడనివాళ్ళు ఎక్కడున్నారో ఆ పిల్ల వాళ్ళ పక్కన కూర్చుని అడిగి, ఒప్పుకుంటేనే గుర్తు పెట్టేది. కూర్చుంటే లేచేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

కండక్టరు పెళ్ళాం గుమ్మంలోనే ఆపేసింది. "మాదొకటే రాసుకో వదినా."

ఆవిడ కూతురూ అల్లుడూ అత్తింట్లో ఉండలేక వచ్చి మూడు నెలలైంది. వంట వేరే. ఊరంతటికీ తెలుసు. నేను చెయ్యి చాపి కర్టెన్ పక్కకి లాగాను. బల్ల మీద రెండో పొయ్యి.

"ఇదెవరిది వదినా, ఎలకలదా?" అన్నాను. అని, తలుపు మీద రెండు వేశాను, బారెడు పొడుగున.

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. "నీ నోరు పడిపోను. రాసుకోండి, ఎలాగూ గోడెక్కించేసింది కదా నా పరువు."

సందు మలుపు తిరిగాక దర్జీ కూతురు ఆగింది. "అలా చెయ్యకూడదమ్మమ్మా. ఇంటివాళ్ళు ఏది చెబితే అదే మనం రాయాలి. బలవంతాన రాస్తే రేపు తలుపు తియ్యరు."

"అబద్ధం చెబితే?"

"అబద్ధం చెప్పడానికీ ఏదో కారణం ఉంటుంది కదా. మెల్లగా ఇంకోసారి వచ్చి అడగాలి."

"నీ మెల్లగా సంగతి ఏటికి చెప్పు. అది ఆగుతుందేమో" అన్నాను.

ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. కొంతమంది నవ్వి ఊరుకుంటే మనమే గెలిచామనుకుంటాం.

* * *

ఆఖర్న మా ఇల్లు మిగిలింది.

మాది పొడుగాటి గది, మధ్యలో ప్లైవుడ్ చెక్క. ముందు సగంలో నేను, పెద్దాడు, పెద్దకోడలు. పెద్దాడు వెల్డింగు షాపులో పని. వెనక సగంలో చిన్నకోడలు. చిన్నాడు రోడ్ల పనికి పోయి నెలకోసారి వస్తాడు. చిన్నది ప్యాకింగు షెడ్డులో రాత్రి డ్యూటీ చేసి, పొద్దున తొమ్మిదింటికి వస్తుంది. అప్పటికి మా ఇంట్లో గిన్నెలు కడిగి బోర్లించి ఉంటాయి.

చలికాలంలో ఒకరోజు, "అత్తయ్యా, నాకు కొంచెం తీసి ఉంచొచ్చు కదా" అంది.

"ఇదేమన్నా సత్రమా, వచ్చినవాళ్ళకి వచ్చినప్పుడల్లా వడ్డించడానికి?" అన్నాను.

నాలుగు రోజులు పోయాక చెక్క వెనక ఒంటి బర్నరు స్టవ్ వెలిగింది. ఆ రోజునుంచి వెనక తలుపునే రావడం, వెనక తలుపునే పోవడం. నాతో మాట లేదు. వేణ్ణీళ్ళు కాచుకోవడానికి తెచ్చుకుంది అని సందులో నలుగురికీ నేనే చెప్పాను. నలుగురూ తలూపారు. వాళ్ళకీ ముక్కులున్నాయి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న, చిన్నాన్న వేరుపడ్డారు. చిన్నాన్నకి పిల్లల్లేరు. వాకిట్లో రెండో పొయ్యి వెలిగించి, నన్ను ఇక్కడ తినమన్నారు, మా అక్కని అక్కడ తినమన్నారు. మరుసటేడు ఆ పొయ్యి బండెక్కి వేరే ఊరు పోయింది. దాంతోపాటే అక్కా పోయింది. మళ్ళీ చూడలేదు. పొయ్యిలు లెక్కపెట్టడం నాకు ఆరోగ్య కేంద్రం నేర్పలేదు.

దర్జీ కూతురు మా గుమ్మంలో నిలబడేసరికి సాయంత్రం నాలుగైంది. చెక్క వెనక చిన్నది నిద్రలేచి వండుకుంటోంది. ఉల్లిపాయలు వేగుతున్న చప్పుడు, వాసన.

"మీ ఇంట్లో ఎన్నమ్మమ్మా?"

పెద్దకోడలు నా మొహం చూసి, తల దించుకుంది.

"ఒకటి."

ఆ పిల్ల వేలు ఫోను మీద ఆగింది. "ఒకటేనా?"

"లెక్కలు నాకు నువ్వు నేర్పుతావా?"

చెక్క వెనక గరిటె చప్పుడు ఆగిపోయింది. ఉల్లిపాయలు మాడుతున్నా కలిపే అలికిడి లేదు. ఆ పిల్ల ఒక క్షణం ఆ చెక్కనే చూసి, ఒకటి కొట్టింది. నేను బయటికొచ్చి మా తలుపు మీద ఒకటి వేశాను. సందు మొత్తంలో అంత తిన్నగా పడ్డ అంకె ఇంకొకటి లేదు.

* * *

పది రోజులకి పైన ఆనకట్ట గేట్లెత్తారు. పొద్దున పదింటికి నేను ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రల వరసలో ఉన్నాను. నీళ్ళు ముందు మెట్టు ఎక్కాయి, మేం టీ తాగేలోపల మూడో మెట్టుకొచ్చాయి. కేంద్రంలో ఉన్నవాళ్ళని ఉన్నట్టే మొదటి పడవల్లో ఎక్కించి, మెరకనున్న బడికి తోలారు. ఇంటికి పోతానంటే పడవవాడు వినలేదు. "మీ సందుకి వేరే పడవ పోయిందవ్వా. ఫోనులో అంతా ఉంది. ఎవర్నీ వదలరు."

పడవలవాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదు. వాళ్ళకి మేమంటే ఫోనులో అంకెలం. ఒక్కో కప్పు దగ్గర ఎన్ని పొయ్యిలో చూడడం, అన్ని పొయ్యిలవాళ్ళనీ ఎక్కించడం, కొట్టేయడం, ముందుకు పోవడం. పద్నాలుగు పొయ్యిల షెడ్డుని పద్నాలుగు పిలుపులతో ఖాళీ చేశారట. బడిలో అందరూ దాన్నే చెప్పుకుంటున్నారు. సంఘం పెద్ద నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు, ఇన్వర్టరు బ్యాటరీతో సహా. జేబులాయన తొమ్మిది జేబులూ తడిసి వేలాడుతూ, ఇటు పరిగెత్తి అటు పరిగెత్తి, ఎవరికీ పనికిరాకుండా ఉన్నాడు. పెద్దాడు షాపునుంచి నడుములోతు నీళ్ళలో నడిచి, అవతలి గట్టు మీద క్షేమంగా ఉన్నాడని కబురొచ్చింది.

నేను కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్నాను. ఒంటిగంటకి మా సందు పడవ వచ్చింది. పెద్దకోడలు దిగింది. ఒక్కతే.

"అదేదే?"

"ఎవరత్తయ్యా?"

"ఎవరేమిటే? చిన్నది!"

దాని మొహం పాలిపోయింది. "వెనకే ఉందత్తయ్యా. డ్యూటీనుంచి వచ్చి, జ్వరం మాత్ర వేసుకుని పడుకుంది. పిలిచాను, పలకలేదు. చెక్క బాదాను. పడవాయన ఫోను చూసి, ఈ కప్పుకి ఒకటే ఉంది, మీరే కదా, ఎక్కండెక్కండి అన్నాడు."

"నోరు లేదూ నీకు? రెండని చెప్పలేకపోయావా?"

"మీరే ఒకటని చెప్పారు కదత్తయ్యా" అంది. వెక్కిరింపు లేదు, ఏమీ లేదు. "మీరు చెప్పాక నేను కాదని ఎలా అనను?"

పదేళ్ళుగా దాన్ని నేను పెంచిన పెంపకం అది. నేను అన్నదానికి ఎదురుచెప్పని కోడలని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాను. ఏడ్చినట్టుంది.

ఎనిమిదో తరగతి గదిలో బల్ల వేసుకుని దర్జీ కూతురు కూర్చుంది. రెండు ఫోన్లు, చుట్టూ సందులో సగం జనం. కండక్టరు పెళ్ళాం, కూతురు, అల్లుడు, ముగ్గురూ బెంచీ మీద వరసగా ఉన్నారు. నేను వెళ్ళి బల్ల పట్టుకున్నాను. బల్ల ఊగింది.

"మా కప్పు కింద రెండు" అన్నాను.

ఆ పిల్ల తలెత్తలేదు. "రెండు" అని కొట్టింది. "వెనక తలుపు ఏ సందులోకి అమ్మమ్మా?"

"కుళాయి సందులోకి."

రెండో ఫోను తీసి పడవని పిలిచింది. "కుళాయి సందు వైపునుంచి పోవాలి. వెనక తలుపు. ఒక మనిషి. జ్వరం. అటక ఉంది, ముందు అటక చూడండి." అటక సంగతి ఆ పిల్లకెలా తెలుసంటే, మా చిన్నదానికి జాకెట్లిచ్చి పోయినప్పుడు చూసిందట.

కండక్టరు పెళ్ళాం నా వంకే చూస్తోంది. "సుద్దముక్క తేనా వదినా?" అంది.

అనాల్సిందే. నేనైతే ఇంకా నాలుగు అనేదాన్ని. ఆవిడ ఆ ఒక్కటీ అని, అల్లుణ్ణి బెంచీమీంచి లేపి, నాకు చోటిచ్చింది.

రెండు గంటల పదిహేను నిమిషాలు కూర్చున్నాను. బడి గోడ మీద ఏదో దేశపటం ఉంది, పిల్లలు రంగులేసింది. అందులో ఏళ్ళన్నీ నీలంగా, సన్నగా, బుద్ధిగా పారుతున్నాయి. గీసినవాళ్ళెవరూ ఏరు చూడలేదు. మధ్యలో ఒకసారి దర్జీ కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది.

"తప్పు నాదీ ఉందమ్మమ్మా. మళ్ళీ వచ్చి అడగాల్సింది. రోజూ అనుకుంటూనే ఉన్నాను."

"నా తప్పులో నీకు వాటా ఇవ్వను. పో, ఫోను చూసుకో" అన్నాను.

పడవ వచ్చింది. చిన్నది నడుం దాకా తడిసి ఉంది. దాని ఒళ్ళో గోనెసంచి, అందులో ఏదో మూలలు పొడుచుకొస్తోంది. స్టవ్. ఇల్లు మునుగుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే, బట్టల పెట్టె వదిలేసి పొయ్యిని అటక ఎక్కించుకుని కూర్చుంది, పిచ్చిముండ. నా నోట్లో ఆ మాటే ఉంది, బయటికి రాలేదు.

"పడవని ఎవరు పంపారు?" అని అడిగింది కండక్టరు పెళ్ళాన్ని.

"మీ అత్తే. మీ కప్పు కింద రెండు పొయ్యిలని చెప్పింది. అందరిముందూ."

చిన్నది నా వంక తిరిగింది. చలికాలం తర్వాత అది నా మొహం చూడడం అదే.

"ఇవాళా?" అంది.

అంతే. సంచి తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

* * *

నీళ్ళు తీశాక చిన్నాడు వచ్చాడు. ఇద్దరూ ప్యాకింగు షెడ్డు దగ్గర గది చూసుకున్నారు. సామాను ఒక రిక్షాకి సరిపోయింది. వద్దనలేదు నేను. అనడానికి నాకు మొహమెక్కడిది? ప్లైవుడ్ చెక్క నానిపోయి ఉబ్బితే పెద్దాడు తీసి బయట పారేశాడు. గది ఇప్పుడు బడి వరండాలా ఉంది. పెద్దకోడలు ఇప్పటికీ నేనన్నదానికి ఎదురు చెప్పదు. ఎప్పుడు చెబుతుందా అని చూస్తున్నాను.

జేబులాయన వేరే ఊరిని ఉద్ధరించడానికి పోయాడు. పోయేముందు మా అందరినీ నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. సంఘం పెద్ద మధ్యలో నిలబడ్డాడు. ఆ తర్వాతినుంచీ మీటింగులు దర్జీ కొట్టులో, కుట్టుమిషన్ల మధ్య జరుగుతున్నాయి. దర్జీ కూతురు, కండక్టరు పెళ్ళాం, రేకుల షెడ్డునుంచి ముగ్గురు, కళ్ళు కనపడని కుళాయి సందు ముసలాయన, నేను. ఆయనకి చేతికర్ర చప్పుడుతో ఏ రాయి ఏ నీళ్ళకి మునుగుతుందో తెలుసు. ఆయన కూర్చునేది ముందు. బిస్కెట్లు నా దగ్గర బయల్దేరతాయి. నేను రెండు తీసుకుంటాను.

వానలు పూర్తిగా తగ్గాక మళ్ళీ లెక్కకి బయల్దేరాం. ప్యాకింగు షెడ్డు వైపు సందు నా వంతుకొచ్చింది. రాకుండా ఎవరైనా మార్చొచ్చు, ఎవరూ మార్చలేదు. కండక్టరు పెళ్ళాం అయితే, "నువ్వే వెళ్ళు వదినా, కర్టెన్ మాత్రం లాగకు" అంది.

చిన్నది తలుపు తీసింది. గది ఇరుకే గాని శుభ్రంగా ఉంది. కిటికీ కింద బల్ల మీద అదే స్టవ్, ఒక మూల తుప్పు పట్టింది. పక్కన మూతపెట్టిన గిన్నె.

నేను చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, నేర్పిన ప్రకారం అడిగాను. "మీ ఇంట్లో ఎన్ని పొయ్యిలు?"

"ఒకటి అత్తయ్యా."

నా చూపు ఆ గిన్నె మీదే ఉందని కనిపెట్టినట్టుంది. "ఆయన ఇవాళ వస్తారు, ఏ వేళకో తెలీదు. తీసి ఉంచాను" అంది.

నేను సుద్దముక్క తీసి దాని తలుపు మీద ఒకటి వేశాను. గీత కాస్త వంకర పోయింది. చెరిపి మళ్ళీ వెయ్యబోతే, "ఉండనివ్వండి" అంది.

దర్జీ కొట్టుకి వచ్చి, ఆ సందు అంకెలన్నీ ఒక్కొక్కటీ చదివి చెప్పాను. ఆ పిల్ల కొట్టుకుంటూ పోయింది. ఆఖర్న ఫోను నా వైపు తిప్పి, మా కప్పు చూపించింది. ఎప్పుడు మార్చిందో, దాని మీద ఒకటి అని ఉంది. అప్పుడు నేను చెప్పిన అంకే.

"సరిగ్గానే ఉందా అమ్మమ్మా?" అంది, మెల్లగా.

"సరిగ్గానే ఉంది" అన్నాను.